కూర్మనాథం గారి హస్తవాసి

టెక్కలిలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీ. ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు కూర్మనాథం. అతనికి అక్కడ నాలుగు పేర్లుండేవి. ప్రిన్సిపాల్‌కి 'ఒరేయ్ కూర్మా'. ఇంగ్లీషు లెక్చరర్‌కి 'ఏయ్ అటెండర్'. ఆఫీసు గుమాస్తాకి 'ఎవడ్రా అక్కడ'. సెకండియర్ కుర్రాళ్ళకి 'మావా'. పద్దెనిమిదేళ్ళుగా ఈ నాలుగింటికీ పలుకుతూ వచ్చాడు, పాపం. ఐదోది ఒకటి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

వచ్చింది. రెండు వేల ఒకటి జూలైలో తెనాలి నుంచి కొత్తగా వచ్చిన కెమిస్ట్రీ లెక్చరర్ నారాయణమూర్తి ల్యాబులోకి అడుగుపెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "కూర్మనాథం గారూ, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు.

కూర్మనాథం వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడేమోనని. వెనక గోడ, గోడకి మూలకాల పట్టిక, దాని మీద బల్లి. అంతే.

"ఏటి బాబూ, నన్నేనా?"

"మిమ్మల్నే. మీ పేరు కూర్మనాథం గారే కదూ?"

ఆ సాయంత్రం కాశీబుగ్గలో బస్సు దిగి ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలీదు. భార్య జగదాంబ జీడిపప్పు ఫ్యాక్టరీలో పొద్దుట్నుంచీ పిక్కలు కొట్టి వచ్చి, చేతులకంటిన జీడినూనెని బూడిదతో రుద్దుకుంటోంది. "ఒలే, నన్ను గారూ అన్నాడే!" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"ఏటి కావాలంట ఆయనకి?" అంది జగదాంబ, తలెత్తకుండానే.

ఆవిడ అంతే లెండి. అయినా కూర్మనాథాన్ని తప్పుపట్టకండి. నౌపడ ఉప్పు మడుల్లో కూలికి పోయిన మనిషి కొడుకతను. టెన్తు లెక్కల్లో రెండుసార్లు తప్పి, కాలేజీ పెట్టిన కొత్తలో నీళ్ళు మోయడానికి చేరాడు. చేరిన మొదటి వారంలోనే సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో చెంబుడు నీళ్ళు పోసి ఎడమ కనుబొమ సగం పోగొట్టుకున్నాడు. ఆ సగం మళ్ళీ మొలవలేదు. 'నీళ్ళలో ఆసిడ్ పొయ్యాల, ఆసిడ్‌లో నీళ్ళు పొయ్యరాదు' అన్నదొక్కటే సైన్సులో అతను మనస్ఫూర్తిగా నమ్మిన సూత్రం. మిగతావన్నీ పుస్తకాలవాళ్ళు చెప్పుకునే కబుర్లని అతని నిశ్చితాభిప్రాయం. కానీ ఆ ల్యాబులో ఏ సీసా ఎక్కడుందో, ఏ కుళాయి ఎటు తిప్పితే ఏడుస్తుందో అతనికి తప్ప ఎవరికీ తెలీదు. అలాంటివాణ్ణి పద్దెనిమిదేళ్ళ తరవాత ఒక మనిషి గారూ అంటే మనసు ఊరుకుంటుందా చెప్పండి?

నారాయణమూర్తికి ఒక దిగులుండేది. పీహెచ్‌డీ మొదలుపెట్టి ఆరేళ్ళయింది, ముందు పట్టుకున్న విషయం మధ్యలో చెడింది, ఇంకో మూడేళ్ళలో పూర్తిచెయ్యకపోతే యూనివర్సిటీవాళ్ళు పేరు కొట్టేస్తారు. కొత్త విషయం కోసం వెతుకుతున్న రోజుల్లో ఒకసారి కాశీబుగ్గ వచ్చి, ఢిల్లీరావు కొట్టు వెనక కాలవ చూశాడు.

ఢిల్లీరావు జగదాంబ తమ్ముడు. చీరలకి రంగులద్దే కొట్టు అతనిది. వెలిసిపోయిన చీరని కొత్తది చేస్తాడు, లంగాలకీ ఫాల్స్‌కీ చీరకి తగ్గ రంగు వేసిస్తాడు. అద్దకం అయ్యాక మిగిలిన నీళ్ళు కాలవలోకి వదిలేస్తాడు. ఆ కాలవలో ఎదురింటివాళ్ళ బాతులు ఈదుతాయి. దాంతో ఆ వీధిలో ఎవరూ కేలండరు చూసుకోనక్కర్లేదు. బాతులు నీలంగా ఉంటే సోమవారం, ఎర్రగా ఉంటే మంగళవారం. పెళ్ళిళ్ళ సీజన్లో ఎటూ కాని రంగులో ఉండేవి. ఎదురింటివాళ్ళు అర్జీ పెట్టారు. రంగునీళ్ళు ఆపకపోతే కొట్టు మూసెయ్యాలని మున్సిపాలిటీ నుంచి నోటీసొచ్చింది.

నారాయణమూర్తి ఆ కాలవనీ, వీధి చివర గుట్టగా పోసున్న జీడిపిక్కల తొక్కునీ మార్చి మార్చి చూశాడు. "కూర్మనాథం గారూ, దొరికింది!" అన్నాడు. "ఈ తొక్కుని ఆసిడ్‌లో నానబెట్టి కొలిమిలో కాల్చి బొగ్గు చేస్తే, దాని ఒంటినిండా కంటికి కనపడని చిల్లులు పడతాయి. రంగు పోయి ఆ చిల్లుల్లో దూరి కూచుంటుంది. నీళ్ళు తేటగా బయటికొస్తాయి. పారేసే తొక్కుతో పారేసే నీళ్ళు బాగు చెయ్యడమన్నమాట."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే జగదాంబ ముక్కు విరిచింది. "పిక్క తొక్కులో నూనుంటాది కాదేటి. నూనె నిండుగుంటే సిల్లులెలగుంటాయి?"

"నీకేటి తెల్సు? అది పీహెచ్‌డీ," అన్నాడు కూర్మనాథం.

జగదాంబ అన్న మాట గుర్తుపెట్టుకోండి. అతను మాత్రం అప్పుడే మర్చిపోయాడు.

పని మొదలైంది. కూర్మనాథం వారానికోసారి ఢిల్లీరావు దగ్గర రంగునీళ్ళు క్యానుకి పట్టి టెక్కలి బస్సెక్కేవాడు. ఒకసారి క్యాను మూత ఊడి, సంతబొమ్మాళి వైపు నుంచి చేపలమ్ముకోడానికొచ్చే నూకరత్నం తట్ట మెజెంటా రంగైపోయింది. "ఓలమ్మో, నా సావడి సేపలకి పెళ్ళి సేసేసినాడు!" అని ఆవిడ బస్సంతా వినపడేలా అరిచి, దిగేదాకా అతని చొక్కా కాలరు వదల్లేదు. ఆ తట్టెడు చేపలూ అతనే కొని, పారబొయ్యాల్సొచ్చింది. అన్నిటికీ ఓర్చుకున్నాడు. గారూ అనిపించుకున్నాక ఆ మాత్రం ఉండదా?

ల్యాబులో రంగునీళ్ళున్న సీసాల్లో చిటికెడు బొగ్గుపొడి వేసి గంటసేపు కదపాలి. దానికి మిషను కావాలి. కాలేజీలో లేదు. కూర్మనాథం ఒక రోజు ఆలోచించి, కూతురు భాగ్యశ్రీ పసిగుడ్డుగా ఉన్నప్పటి పాత చీర ఉయ్యాల అటక మీంచి తెచ్చి, ల్యాబు దూలానికి కట్టి, అందులో పలక వేసి, పలక మీద ఆరు సీసాలు బిగించి, స్టూలు మీద కూచుని ఊపడం మొదలుపెట్టాడు. గంట. రెండు గంటలు. మధ్యలో తెలీకుండానే జోకొట్టేవాడు కూడా. కుర్రాళ్ళు కిటికీలోంచి చూసి "మావా, బాబా పాపా?" అని అడిగేవారు.

ఊపాక, పక్క గదిలో కాగితంలో వడకట్టడమూ కూర్మనాథం పనే. తేట నీళ్ళు గొట్టంలో పోసి తెచ్చిస్తే, నారాయణమూర్తి దాన్ని కలరీమీటరు పెట్టెలో పెట్టి ముల్లు చూసి, నూటికి ఎంత రంగు పోయిందో లెక్క కట్టేవాడు.

మొదటి రోజు నలభై ఒకటి వచ్చింది. రెండో రోజు ముప్పై ఎనిమిది. మూడో రోజు నలభై. నారాయణమూర్తి టిఫిన్ క్యారియరు విప్పి, అందులో ఇడ్లీల్ని చూసి, మళ్ళీ మూసేశాడు. కిటికీ దగ్గర నిలబడి బయట గడ్డి మేస్తున్న ఆవుని చాలాసేపు చూశాడు.

"నాకు రాసిపెట్టి లేదు, కూర్మనాథం గారూ," అన్నాడు.

చూశారా, అంత దుఃఖంలోనూ గారూ అన్నాడు! కూర్మనాథం గుండె చెరువైపోయింది. పక్క గదిలోకి వెళ్ళాడు. నాలుగో సీసా వడకట్టాడు. గొట్టంలో నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఎదురుగా డిస్టిల్డ్ వాటర్ క్యాను ఉంది. అతను అనుకుని చెయ్యలేదండీ, చెయ్యే చేసేసింది. సగం నీళ్ళు తొట్లో వొంపి, క్యాను కుళాయి తిప్పి, గొట్టాన్ని మళ్ళీ గీత దాకా నింపాడు. ఇంట్లో చుట్టాలొస్తే మజ్జిగ పలచన చెయ్యమా? అదీ అంతే అనుకున్నాడు.

నారాయణమూర్తి ముల్లు చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశాడు. "డెబ్భై ఒకటి!" అని గట్టిగా అరిచాడు. ఆవు కూడా తలెత్తింది. క్యారియరు విప్పి చల్లారిన ఇడ్లీలు ఆవురావురుమని తిని, రెండు కూర్మనాథం చేతిలో పెట్టాడు. తప్పు చేసినవాడికి ముద్ద దిగదంటారు గానీ, కూర్మనాథానికి ఆ రెండిడ్లీలూ హాయిగా దిగాయి. అబద్ధమెందుకు?

ఇక ఆగడమెలా? ఈవేళ డెబ్భై ఒకటి వచ్చి రేపు నలభై వస్తే సారు మళ్ళీ ఆవుని చూస్తాడు. రోజూ కలపాల్సొచ్చింది. కలిపి కలిపి చెయ్యి తిరిగింది. ఏ రోజు ఎంత వొంపాలో, ఎంత నింపాలో కంటితో చూసే చెప్పగలిగేవాడు. నూటికి నూరు రానిచ్చేవాడు కాదు, అనుమానమొస్తుందని. చివరికి తొంభై మూడు దగ్గర నిలబెట్టాడు. అప్పటికి ఆ గొట్టంలో ఎనిమిదింట ఏడు పాళ్ళు క్యాను నీళ్ళే. నారాయణమూర్తి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, కలిపి, ఆ వంపు చూసి మురిసిపోయేవాడు. "ప్రకృతి ఎంత పద్ధతిగా నడుస్తుందో చూడండి, కూర్మనాథం గారూ!" అనేవాడు. ప్రకృతి వినయంగా తల దించుకుని సీసాలు కడుక్కునేది.

మరుసటి ఎండాకాలం కూర్మనాథానికి అమ్మవారు పోసింది. పద్నాలుగు రోజులు వేపాకుల మీద పడుకున్నాడు. ల్యాబు పని కాలేజీ వాచ్‌మన్ గణేష్‌కి అప్పజెప్పారు. గణేష్ యాభై ఏళ్ళవాడు, బెంచీ కనపడితే చాలు నిద్రపోతాడు. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని పడుకునే ఊపేవాడట. వడకట్టే సరంజామా కూడా బెంచీ పక్కకే తెప్పించుకున్నాడట. కూర్మనాథం తిరిగొచ్చేసరికి నారాయణమూర్తి మొహం వాడిపోయుంది.

"చూడండి, మీరు లేకపోతే ఏమయిందో! ముప్పై తొమ్మిది, నలభై రెండు, నలభై ఒకటి. పద్నాలుగు రోజులూ ఇదే వరస. ఇది హస్తవాసి, కూర్మనాథం గారూ. కొందరు డాక్టర్లకుంటుంది చూడండి, అలాంటిది. మీ చేతిలో ఏదో ఉంది."

చేతిలో ఏముందో తెలిసిన కూర్మనాథం ఆ చేతిని తువ్వాలుకి తుడుచుకున్నాడు. నారాయణమూర్తి ఎర్ర సిరా తీసుకుని గణేష్ పద్నాలుగు పేజీలనీ అడ్డంగా కొట్టేసి, పక్కన 'గణేష్' అని రాశాడు, అదేదో జబ్బు పేరైనట్టు.

ఇలా రెండేళ్ళు గడిచాయి. అసలు గొడవ ఢిల్లీరావుతో వచ్చింది. తొంభై మూడు పెర్సెంటని బావ నోట విన్నాక అతను ఊరుకుంటాడా? కొట్టు వెనక సిమెంటు తొట్టి కట్టించాడు. కాలేజీలో కాల్చిన పద్ధతిలోనే తొక్కు కాల్పించి ఆరు బస్తాల బొగ్గు అందులో పోయించాడు. మున్సిపాలిటీవాళ్ళకి కబురు కూడా పెట్టాడు, వచ్చి చూసుకోమని. సోమవారం పొద్దున, ముందటి వారం అద్దకంలో మిగిలిన మెజెంటా నీళ్ళు తొట్టిలో పోశాడు. అటు నుంచి మెజెంటా నీళ్ళే వచ్చాయి, కాస్త మసి కలుపుకుని. ఎదురింటి బాతులకి ఎరుపు మీద నల్ల చారలు కూడా పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే ఢిల్లీరావు ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో బొగ్గుపొడి సీసా పట్టుకుని కూర్మనాథం ఇంటి మీదికొచ్చాడు. "బావా! నాకు డూప్లికేటు బొగ్గిచ్చినావు! ఒరిజినలు కాలేజీలో దాసుకున్నావు!"

"లేదురా, అదీ ఇదీ ఒకటేరా..."

"ఒకటే అయితే దానికి తొంభై మూడేటి, దీనికి సున్నా ఏటి?"

జగదాంబ చేట పక్కన పెట్టి వచ్చింది. చిటికెడు బొగ్గు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపింది, వాసన చూసింది. ఇరవై ఏళ్ళు పిక్కలు కొట్టిన చెయ్యది. "ఇది సరిగ్గా కాల్లేదు. లోపల నూనె అలాగే ఉన్నాది. సూడు, ఎలగ మెరుత్తందో," అంది. తరవాత మెల్లిగా మొగుడి వైపు తిరిగింది. "మరి ఇలాటి బొగ్గుతోటి కాలేజీలో తొంభై మూడెలగొచ్చినాది, మావా?"

కూర్మనాథం ఇంటి కప్పుని చూశాడు. ఆ కప్పులో చూడ్డానికేమీ లేదని ఆవిడకి తెలుసు. తమ్ముణ్ణి పంపేసి, మొగుణ్ణి పీట మీద కూచోబెట్టి, మొత్తం కక్కించింది.

"ఆయన తిండి మానేసినాడే! ఏటి సెయ్యమంటావు?" అన్నాడు చివరికి, ఏడుపు గొంతుతో.

"ఇడ్లీలు తినిపించడానికి రెండేళ్ళు నీళ్ళు కలిపినావా? ఓలమ్మ, ఓలమ్మ! రేపు ఎవరన్నా పెద్దాయనొచ్చి నా సేత్తో నాను వడకట్టుకుంటాను అంటేనో? అప్పుడు మీ సారు మొహం ఎక్కడెట్టుకుంటాడు?"

ఆవిడ నోటి వాక్కు ఎలాంటిదో గానీ, ఆ పెద్దాయన నిజంగానే వస్తున్నాడు. మంగళవారం కాలేజీకి వెళ్ళేసరికి నారాయణమూర్తి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని గంతులేస్తున్నాడు. గైడు గారు గురువారం వస్తున్నారట. బజార్లో కొనే బొగ్గు కన్నా ఈ జీడితొక్కు బొగ్గు మేలంటే నమ్మలేకపోతున్నారట. సొంత చేత్తో వడకట్టి చూసి, థీసిస్ మీద సంతకం పెడతారట.

ఆ రోజంతా కూర్మనాథం ఆలోచించని తప్పుడాలోచన లేదు. కలరీమీటరు కింద పడేద్దామా? గురువారం కరెంటు పోయేలా ఫ్యూజు పీకేద్దామా? అమ్మవారు రెండోసారి పొయ్యకూడదా తల్లీ? చెబితే ఒకటే పోతుంది, ఆ రెండక్షరాలు. చెప్పకపోతే సారు పరువు పోతుంది, ఎనిమిదేళ్ళ చదువు పోతుంది. రెండక్షరాలే కదా అనుకోబోయాడు. అనుకోలేకపోయాడు. ఈ భూమ్మీద తనని గారూ అనేది ఒకే ఒక్క మనిషి.

బుధవారం మధ్యాహ్నం నారాయణమూర్తి స్కెచ్ పెన్నుతో 93 అంకెకి అంచులు దిద్దుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, అది నానేను సార్."

"ఏది?"

"తొంభై మూడు."

నారాయణమూర్తి నవ్వాడు. "అవును, అంతా మీ హస్తవాసే..."

"కాదు సార్. నీళ్ళు కలిపినాను."

సారు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. చెబితే నమ్మడని కూర్మనాథం వెళ్ళి ఒక గొట్టం తెచ్చి, కళ్ళ ముందే ఎర్ర నీళ్ళు వొంపి, క్యాను నీళ్ళు నింపి, ముల్లు చూపించాడు. తొంభై మూడు. ఒక్క గీత అటూ ఇటూ కాలేదు. రెండేళ్ళ నేర్పు మరి!

నారాయణమూర్తి నవ్వు ఆగిపోయింది. నోట్‌బుక్ తెరిచాడు. "ఇది?"

"నానే సార్."

"ఈ డెబ్భై ఒకటి?"

"అది మొదటిది సార్. ఇడ్లీల రోజు."

"ఈ గ్రాఫు... ఇంత అందంగా వంపు తిరిగిందే..."

"మీకలగే ఇష్టమని సార్."

నారాయణమూర్తి నోట్‌బుక్ మూసేశాడు. తల తిప్పకుండా, "బయటికి వెళ్ళు," అన్నాడు.

వెళ్ళండి అనలేదు. వెళ్ళు అన్నాడు. అదీ అయిపోయింది. కూర్మనాథం వరండాలోకొచ్చి గోడకి జారబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, పిల్లాడిలా ఏడ్చాడు. పక్కన బెంచీ మీద గణేష్ గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. ఈ గుర్రు ఒకటీ అని విసుక్కుంటూ అతని వైపు చూసిన కూర్మనాథం ఒక్కసారి లేచి నిలబడ్డాడు. గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు.

"సార్! గణేష్‌గాడివి ఉన్నాయి కదా సార్! ఆ పద్నాలుగు రోజులూ నాను సెయ్యెట్టలేదు!"

"అతనేం కలిపాడో ఎవరికి తెలుసు?" అన్నాడు నారాయణమూర్తి, పాతాళం లోంచి మాట్లాడినట్టు.

"కలపాలంటే లేచి పక్క గదిలో క్యాను దాకా ఎల్లాల కదా సార్. ఆడు లెగడు."

ఈ వాదానికి తిరుగు లేదని నారాయణమూర్తికీ తెలుసు. ఎర్ర సిరా కొట్టేసిన పేజీలు తీశాడు. ముప్పై తొమ్మిది, నలభై రెండు, నలభై ఒకటి, నలభై. రెండేళ్ళ నోట్‌బుక్కులో నిజమనేది ఆ పద్నాలుగు పేజీల్లోనూ, మొదటి మూడు అంకెల్లోనూ ఉంది.

గురువారం గైడు గారు వచ్చారు. తనే వడకట్టారు, తనే ముల్లు చూశారు. నలభై ఒకటి. నారాయణమూర్తి నిలబడి, "ముందు పంపినవి తప్పండీ. ల్యాబు నాది, పొరపాటూ నాది. ఇవి నిజమైనవి," అని గణేష్ పేజీలు ముందు పెట్టాడు. కూర్మనాథం పేరు ఎత్తలేదు. టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్న కూర్మనాథానికి, తిట్టుంటే బాగుండుననిపించింది.

"తొంభై మూడు చూసి నీకు మతి పోయిందనుకున్నానయ్యా," అన్నారు గైడు గారు. "ఇవి నమ్ముతాను. నలభై దగ్గరే ఎందుకు ఆగిందో కనిపెట్టు. ఏడాది టైమిప్పిస్తాను. ఇంతకీ వీటికి వడకట్టి ఇచ్చినదెవరు?"

గణేష్‌ని లేపి తీసుకొచ్చారు. గైడు గారు అతనితో చెయ్యి కలిపి, "నీలాంటి నిజాయితీపరుడు కావాలయ్యా సైన్సుకి," అన్నారు. గణేష్ ఆవలిస్తూ దండం పెట్టాడు.

"మరి ఇతను?" అన్నారు టీ పళ్ళెం వైపు చూసి.

"కూర్మనాథం. అటెండర్," అన్నాడు నారాయణమూర్తి.

కూర్మనాథం కప్పులు బల్ల మీద దించి, ఖాళీ పళ్ళెంతో బయటికి నడిచాడు.

ఆ మర్నాడు డిస్టిల్డ్ వాటర్ క్యాను కుళాయికి ఇత్తడి తాళం పడింది. తాళంచెవి నారాయణమూర్తి జేబులో. ఆ తరవాత ఆయన కోపంగా ఒక్క మాటన్నది లేదు, అసలు పిలిచిందే లేదు. "సీసాలు కడగాలి." "ఉయ్యాల ఊపాలి." గాలితో చెప్పినట్టు చెప్పేవాడు. కూర్మనాథానికి పాత నాలుగు పేర్లూ అలాగే ఉన్నాయి. వాటికి పలుకుతూ ఉయ్యాల ఊపాడు. జోకొట్టడం మానేశాడు.

ఒక ఆదివారం జగదాంబే తెగించింది. మొగుణ్ణి వెంటబెట్టుకుని కాలేజీకొచ్చి, నారాయణమూర్తి ముందు అడుగున చిల్లులున్న కుండ ఒకటి దించింది. "బాబూ, తప్పు మాదే. ఆ నలభై ఎందుకో నాను సెప్తాను, ఇనండి. తొక్కుని ముందు ఈ కుండలో ఏపాల. నూనంతా సిల్లుల్లోంచి కిందికి దిగిపోవాల. పొగ నల్లగా వచ్చినంతసేపు దింపకూడదు. తెల్లబడి, ఆగిపోయినాక, అప్పుడు మీ ఆసిడో ఏదో పోసుకోండి. మొదట్లోనే ఈయనకి సెప్పినాను. పీహెచ్‌డీ అన్నాడు."

నారాయణమూర్తి మెట్ల మీద కూచుని పొగ రంగు చూస్తూ అన్నీ రాసుకున్నాడు. పొగాగింది. "చాలా థాంక్సండీ, జగదాంబ గారూ," అన్నాడు.

జగదాంబ మొగుడి వైపు ఓరగా చూసింది. కూర్మనాథం కుండ వైపు చూశాడు. ఇంట్లోనే ఇంకొకరికి ఆ బిరుదు పోవడం ఎంత కష్టమో పడ్డవాడికే తెలుస్తుంది.

ఆ బొగ్గు ఎనభై రెండు చూపించింది. నారాయణమూర్తి నమ్మలేదు. జేబు తడుముకున్నాడు, తాళంచెవి ఉంది. పక్క గదిలోకెళ్ళి తాళం లాగి చూశాడు, గట్టిగానే ఉంది. తనే వడకట్టాడు. ఎనభై మూడు. గైడు గారికి ఉత్తరం రాయడానికి కూచుని, కలం పక్కన పెట్టేశాడు. "అంకెలు చూసి ఒకసారి మోసపోయాను. ఈసారి బాతుల్ని చూశాకే రాస్తాను," అన్నాడు, మళ్ళీ గాలితోనే.

ఢిల్లీరావు తొట్టిలో పాత బొగ్గు తీసి, జగదాంబ దగ్గరుండి కాల్పించిన బొగ్గు పోశారు. రెండో తొట్టి కూడా కట్టారు, మొదటిది వదిలేసిన రంగుని పట్టడానికి. రెండు నెలలయ్యాక ఒక మంగళవారం నారాయణమూర్తి బస్సెక్కి కాశీబుగ్గ వచ్చాడు. మంగళవారమంటే ఎరుపు అద్దే రోజు. తొట్టిలోకి ఎర్ర నీళ్ళు పోతున్నాయి. కాలవలోకి వచ్చేవి పలచటి టీ కన్నా తేటగా ఉన్నాయి. బాతులు ఈదుతున్నాయి. రెండింటి తోకల దగ్గర మాత్రం పాత మెజెంటా మిగిలింది, తక్కినవన్నీ తెల్లగా ఉన్నాయి. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల ఏ వారమో తెలవడం లేదు బాబూ," అని సణిగింది.

నారాయణమూర్తి గట్టున నిలబడి ఆ బాతుల్ని చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తుడవడం నీటిబొట్లు పడా, మరెందుకో, మనకెందుకు? తరవాత జేబులో చెయ్యి పెట్టి ఇత్తడి తాళంచెవి తీసి, పక్కకి తిరిగి, చెయ్యి చాపాడు.

"కూర్మనాథం గారూ, ఇది ఇకనుంచి మీ దగ్గరే ఉంచండి."

కూర్మనాథం ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. ఎవర్ని పిలిచారో అతనికి బాగా తెలుసు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, సగం కనుబొమ అదిరింది. తాళంచెవి అందుకున్నాడు, అరచేతిలో ఒక్క నిమిషం పట్టుకున్నాడు, మళ్ళీ సారు జేబులోనే వేసేశాడు.

"మీ దగ్గరే ఉండనీండి సార్," అన్నాడు. "రేపెప్పుడైనా మీరు దిగులెట్టుకుని ఇడ్లీ తినకుండా కూసుంటే, నా సెయ్యి ఊరుకోదు."